వెనక గేటు తెరిచిన తరువాత: పుప్పాలగూడలో ఒక ఖరీదైన ఇంట్లో మూడేళ్ళు

2022 విజయదశమికి మేము హైదరాబాదు నల్లకుంటలోని పాత ఇంటి నుంచి పుప్పాలగూడ వైపున్న ఒక గేటెడ్ కమ్యూనిటీకి మారాము. 38 అంతస్తుల టవర్లు అయిదు, వాటిలో మాది 21వ అంతస్తులో తూర్పు వాకిలి ఉన్న మూడు పడకగదుల ఫ్లాటు. ఇక్కడ ఇల్లు కొనాలనుకుంటున్న బంధుమిత్రులు తరచుగా అడుగుతున్నందున, మూడేళ్ళు గడిచాక నాకు తేటపడిన విషయాలను వివరంగా రాస్తున్నాను. ఇందులోని మంచిచెడ్డలు ఒక్క కంపెనీకి పరిమితమైనవి కావు కనుక బిల్డరు పేరు రాయడం లేదు.

ముందుగా కొలతల సంగతి. బ్రోచరులో మా ఫ్లాటు 2,850 చదరపు అడుగులు; ఒప్పంద పత్రంలో కార్పెట్ ఏరియా 1,960. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం ప్రకారం కార్పెట్ ఏరియా అంటే బయటి గోడలు, బాల్కనీలు, షాఫ్టులు (పైపులు, తీగలు వెళ్ళే నిలువు ఖాళీలు) మినహాయించి, లోపలి అడ్డుగోడలను కలుపుకొని మనం వాడుకోగలిగే నేల. మిగిలిన 890 అడుగులలో బాల్కనీలతో పాటు వరండాలు, లిఫ్టులు, క్లబ్‌హౌస్‌లలో మన వాటా కూడా ఉంటుంది. అందువల్ల రెండు ప్రాజెక్టులను పోల్చేటప్పుడు ధరను కార్పెట్ ఏరియాతో భాగించి చూసుకోవాలి. నిర్మాణంలో ఉండగా కొన్నందుకు మేము 5 శాతం జీఎస్‌టీ కూడా కట్టాము. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో నివసించవచ్చని అధికారులు ఇచ్చే పత్రం) వచ్చిన తరువాత కొనేవారికి ఆ భారం ఉండదు.

ఇంటి లోపల తప్పుపట్టవలసింది చాలా తక్కువ. గాలి రెండు వైపుల నుంచి ధారాళంగా ఆడుతుంది. వంటగది వెనక యూటిలిటీలో గిన్నెలు తోముకోవడానికి, బట్టలు ఆరవేసుకోవడానికి సరిపడా చోటు వదిలారు. ఇంతకంటే ఖరీదైన ఇళ్ళలోనూ నేనది చూడలేదు. వాన వెలిసిన ఉదయాలలో బాల్కనీలో నిలబడితే దూరంగా గోల్కొండ కోట మీది బాలాహిస్సారు కనిపిస్తుంది. ఆ పూట కాఫీ అక్కడే తాగుతాము.

ఇబ్బందులన్నీ గుమ్మం దాటాక మొదలవుతాయి, వాటిలో మొదటిది నీరు. నగరానికి కృష్ణా జలాలు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి జలాలు ఎల్లంపల్లి నుంచి, మంజీరా నీళ్ళు సింగూరు వైపు నుంచి వస్తాయి. అయితే మాకు అందే జలమండలి (నగర నీటి సరఫరా సంస్థ) నీరు వందల కుటుంబాల అవసరంలో కొంత భాగమే కావడంతో మిగిలినది బోర్ల మీద, అవి అడుగంటినప్పుడు ట్యాంకర్ల మీద ఆధారపడింది. 2024 వేసవిలో బోర్లు ఎండి, తెల్లవారుజామున నాలుగు గంటల నుంచే ట్యాంకర్లు సంపు దగ్గర వరుస కట్టాయి. మా మెయింటెనెన్సు బ్రోచరులోని 2,850 అడుగుల లెక్కన, చదరపు అడుగుకు 4.50 రూపాయల చొప్పున నెలకు 12,825. నెలకు 7,500 దాటినందున జీఎస్‌టీ కూడా చేరి 15,000 పైచిలుకు అవుతుంది. ఆ వేసవిలో దానిపై ట్యాంకర్ల ఖర్చు విడిగా పడింది. ఫ్లాటు చూడడానికి వెళ్ళేవారు మోడల్ హౌస్ కంటే ముందు సంపును, వాననీటి ఇంకుడు గుంతలను చూపించమని అడగాలి; గడచిన ఏప్రిల్, మే నెలల ట్యాంకర్ల బిల్లులు కూడా అడిగి చూడాలి. పైన సెలయేరులా అలంకరించిన ఫౌంటెన్ ఉండి, కింద ఇంకుడు గుంతలు మట్టితో పూడిపోయి ఉన్న ప్రాజెక్టును నేను స్వయంగా చూశాను.

రెండవది రోడ్డు. 2006 నాటి భవన నిబంధనల నుంచి హైదరాబాదులో ఫ్లోర్ స్పేస్ ఇండెక్స్ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పే లెక్క) పరిమితి లేదు. రోడ్డు వెడల్పును, స్థలం విస్తీర్ణాన్ని, చుట్టూ వదిలే ఖాళీని బట్టి భవనం ఎత్తు నిర్ణయమవుతుంది. ఎకరం భూమిలో ఎన్నో కుటుంబాలు పైకి పేర్చినట్టు ఉంటాయి, వాళ్ళందరి కార్లూ మాత్రం ఉదయం తొమ్మిదింటికి ఒకే రోడ్డెక్కుతాయి. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గరే అన్న మాట నిజమే గాని, దాని సర్వీస్ రోడ్డు చేరడానికే మాకు ఆ వేళ ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. మెట్రో ఎక్కాలంటే రాయదుర్గం స్టేషను దాకా వెళ్ళాలి.

ఇక నన్ను అన్నిటికంటే బాధించినది లిఫ్టుల వ్యవహారం. మొదటి ఏడాది నిర్వహణ బిల్డరు మనుషుల చేతిలో ఉండగా, పనివాళ్ళు, డ్రైవర్లు, డెలివరీ కుర్రవాళ్ళు సర్వీస్ లిఫ్టు మాత్రమే వాడాలని ప్రతి టవరులో బోర్డు పెట్టారు. ఆ లిఫ్టు టవరుకు ఒక్కటే. సామాన్లు, చెత్త డబ్బాలు కూడా అందులోనే. మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఒకరోజు ఆయాసపడుతూ వచ్చి, "లిఫ్టు కాడ నిలబడే టైముల ఒకింటి పని ఒడుస్తదమ్మా" అన్నది. గంటల లెక్కన బతికే మనిషి నుంచి రోజుకు నలభై నిమిషాలు తీసుకోవడం అన్యాయం. మన పిల్లలను ఎత్తుకొని, మన వంట చేసే చేతులు మన పక్కన నిలబడకూడదనడం అంతకంటే పెద్ద తప్పు. నివాసుల సంఘం ఏర్పడిన తరువాత మొదటి సర్వసభ్య సమావేశంలో కొందరం ఈ విషయం లేవనెత్తాము. వాదన చాలాసేపు సాగింది, చివరికి బోర్డులు తీసేశారు. కొనేముందు అక్కడి లిఫ్టుల దగ్గర ఏ బోర్డు ఉందో చదవండి. ఆ చోటి మనుషుల గురించి అది చాలా చెబుతుంది.

అదే సమావేశంలో వెనక గేటు సంగతి కూడా వచ్చింది. మా ప్రహరీకి అవతల పాత ఊరు ఉంది: రెండు కిరాణా కొట్లు, దర్జీ, ఇస్త్రీ బండి, పోచమ్మ గుడి. గేటు అగ్నిమాపక అవసరాలకే అని తాళం వేసి ఉంచడం వల్ల, వంద అడుగుల దూరంలో ఉన్న కొత్తిమీర కట్ట కోసం కారులో కిలోమీటరున్నర చుట్టి వచ్చేవాళ్ళం, లేదా ఫోనులో తెప్పించుకునేవాళ్ళం. భద్రత పేరుతో చాలామంది వ్యతిరేకించారు. ఒక కాపలాదారును పెట్టి ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది వరకు తెరిచేటట్టు ఒప్పందం కుదిరింది. ఏడాదిన్నరలో ఒక్క దొంగతనం కూడా జరగలేదు. మా అత్తగారు ఇప్పుడు రోజూ సాయంత్రం నడిచి వెళ్ళి కూరలు తెస్తారు; నల్లకుంట వదిలాక ఆవిడ పేరు పెట్టి పలకరించే కొట్టు దొరికినది ఇక్కడే. నిరుడు ఆషాఢంలో బోనాలకు మా టవరు నుంచి నాలుగు కుటుంబాలు ఊరివాళ్ళతో కలిసి గుడికి నడిచాయి.

కొన్నవారు మరువకూడని గడువు ఒకటి ఉంది. రెరా చట్టం ప్రకారం ఇల్లు అప్పగించిన నాటి నుంచి అయిదేళ్ళ లోపు నిర్మాణంలో గాని, పనితనంలో గాని లోపం బయటపడి దాన్ని బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజులలో అదనపు రుసుము లేకుండా సరిచేయవలసిన బాధ్యత అతనిదే. మా బేస్‌మెంటులో రెండవ వానాకాలానికే నీటి ఊట మొదలైంది. ఫోనులో చెప్పినన్నాళ్ళూ ఎవరూ రాలేదు. ఫొటోలు, తేదీలతో సంఘం తరఫున ఉత్తరం రాసి అందినట్టు సంతకం తీసుకున్నాక మనుషులు వచ్చారు. రెండు గోడలు పూర్తయ్యాయి, మూడవదాని పని జరుగుతోంది.