రెండో సబ్‌వూఫరా, ఒకటే పెద్దదా, ఉన్నదాన్నే సర్దుకోవడమా?

హన్మకొండ, కాజీపేటల్లో కొత్తగా ఇల్లు కట్టుకుని హాల్లో 5.1 హోమ్ థియేటర్ (ఐదు స్పీకర్లు, బేస్ కోసమే ఉండే ఒక సబ్‌వూఫర్) పెట్టుకున్నవాళ్లు నన్ను అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న: "బేస్ సరిపోతలేదన్నా, ఇంకో సబ్ కొనమంటవా?" కొందరికి వద్దన్నాను, కొందరికి వెంటనే తెచ్చుకోమన్నాను. మా ఇంటికి మాత్రం ఈమధ్యే రెండోది తెచ్చాను. అది ఎవరికి అవసరమో, ఎవరికి డబ్బు దండగో ఈసారి వివరంగా రాస్తున్నాను.

బేస్ సరిపోకపోవడం రెండు రకాలు. హాల్లో ఏ మూల నిలబడ్డా తక్కువగానే ఉండి, వాల్యూమ్ పెంచితే సబ్ గరగరమనడం ఒకటి. అంటే ఆ సబ్‌కు శక్తి చాలడం లేదు. రెండోది, తలుపు దగ్గర గుంయ్‌మని మోగుతూ మీరు కూర్చునే చోట ఏమీ లేకపోవడం. యూట్యూబ్‌లో 40 నుంచి 60 హెర్ట్జ్ (సెకనుకు అన్నిసార్లు కంపించే) టెస్ట్ టోన్లు దొరుకుతాయి. ఒక్కొక్కటీ తక్కువ వాల్యూమ్‌లో పెట్టి హాలంతా మెల్లగా నడవండి. నాలుగడుగులు వేస్తే చాలు, తేడా చెవికే తెలుస్తుంది. నేను చూసిన ఇళ్లలో ఎక్కువగా ఈ రెండో రకమే.

దానికి కారణం మన గోడలు. ఇటుక గోడలు, పైన ఆర్‌సీసీ స్లాబ్, కింద టైల్సో తాండూరు బండలో. ఇలాంటి గది బేస్‌ను పీల్చుకోదు, తిప్పికొడుతుంది. అమెరికా ఇళ్లలో చెక్క ఫ్రేముకు జిప్సం బోర్డు కొట్టిన గోడలు అదిరి కొంత బేస్‌ను మింగేస్తాయి. అక్కడివాళ్ల వీడియోలు చూసి ఇక్కడ సబ్ ఎంచుకుంటే లెక్క కుదరదు. నీళ్ల తొట్టిని అటూ ఇటూ ఊపితే రెండు చివర్లా నీళ్లు ఎగసిపడి, నడిమధ్య మట్టం దాదాపు కదలదు చూడండి, గదిలో బేస్ కూడా అంతే. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర అలా ఊగుతుందో మీరే లెక్క వేసుకోవచ్చు: గోడల మధ్య దూరాన్ని మీటర్లలో రెట్టింపు చేసి, దానితో 344ను (శబ్దం సెకనుకు పోయే మీటర్లు) భాగించండి.

మా హాలు 17 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. పొడవు వైపు 33 హెర్ట్జ్, వెడల్పు వైపు 51 హెర్ట్జ్ వస్తుంది. టీవీ ఒక పొట్టి గోడకు, మూడు సీట్ల సోఫా ఎదుటి గోడకు ఆనించి ఉంటాయి. సబ్ టీవీ పక్కన మూలలో ఉండేది. సోఫాలో నేను కూర్చునే నడిమి సీటు సరిగ్గా వెడల్పుకు మధ్యలో పడుతుంది. అంటే స్టీరియోకు అన్నిటికంటే మంచి సీటు, 51 హెర్ట్జ్‌కు అన్నిటికంటే చెడ్డ సీటు. కిక్ డ్రమ్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) బలం ఉండేది దాదాపు అక్కడే. నాకు ఆ దెబ్బ చప్పగా వినిపిస్తే, గోడవైపు చివరన కూర్చునే బాపుకు అదే దెబ్బ సాగి సాగి వినిపించేది. నేను పెంచితే ఆయన తగ్గించమనేవాడు. ఇద్దరిదీ నిజమే.

ఇలాంటప్పుడు అందరూ మొదట చూసేది ఈక్యూ వైపు, అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్ వైపు. ఒక్కరే, ఒకే కుర్చీలో వినేవారైతే అది చాలు, నిజంగా చాలు. ముందు సబ్‌ను మీరు కూర్చునే సీటులోనే పెట్టి పాట వేసి, గోడల వెంబడి వంగి నడుస్తూ బేస్ ఎక్కడ నిండుగా, శుభ్రంగా వినిపిస్తే సబ్‌ను అక్కడికి మార్చండి. ఆ తర్వాత రిసీవర్‌లోని (స్పీకర్లన్నిటినీ నడిపే యాంప్లిఫైయర్ పెట్టెలోని) ఆటో కాలిబ్రేషన్ నడపండి, అది మైకుతో కొలిచి ఈక్యూను తానే సర్దుతుంది. దీనికి ఖర్చు సున్నా. కానీ ఈక్యూకు రెండు హద్దులున్నాయి. పోగుపడిన బేస్‌ను అది దించగలదు, మాయమైన బేస్‌ను తేలేదు. గుంత పడిన చోట 10 డెసిబెల్స్ ఎత్తాలంటే యాంప్లిఫైయర్ పదింతల పవర్ ఇవ్వాలి, అయినా గుంత చాలావరకు అలాగే ఉంటుంది. రెండోది, నా సీటు కోసం ఎత్తింది బాపు సీటులోనూ ఎత్తుతుంది. ఆయనకు ఉన్నదే ఎక్కువ!

అందుకే నా దృష్టిలో అన్నిటినీ తేల్చేది ఒక్కటే: మీ ఇంట్లో ఎంతమంది కలిసి కూర్చుని చూస్తారు? ఇద్దరికి మించితే నేను రెండో సబ్ వైపే మొగ్గుతాను. సౌండ్ పెంచడానికి కాదు, సీట్ల మధ్య తేడా తగ్గించడానికి. రెండు ఒకే రకం సబ్‌లను టీవీకి అటొకటి ఇటొకటి, పక్క గోడలకు సమాన దూరంలో పెట్టాం. వెడల్పు వైపు ఆ 51 హెర్ట్జ్ ఊపును ఒకటి పుట్టిస్తే రెండోది ఆపేస్తుంది. దాంతో నడిమి సీటులో బేస్ అమాంతం పెరిగిపోలేదు, మూడు సీట్లలోనూ ఒకే తీరుకు వచ్చింది. ఈక్యూ అసలు పనికొచ్చేది అప్పుడే. ఎత్తితే ముగ్గురికీ, దించితే ముగ్గురికీ. పొడవు వైపు 33 హెర్ట్జ్ మాత్రం సోఫా వెనక గోడకు ఆని ఉంది కాబట్టి పోగుపడే ఉంది, కానీ అది అందరికీ సమానంగా పోగుపడింది. ఒక్క కోతతో దారికొచ్చింది.

ఇది నా ఒక్కడి అనుభవమే కాదు. ఆడియో కంపెనీ హర్మాన్‌లో పరిశోధకుడు టాడ్ వెల్టీ 2002లో ఇదే విషయం మీద పరిశోధన పత్రం వెలువరించారు. దీర్ఘచతురస్రపు గదిలో ఒకటి మొదలుకొని ఎన్నో సబ్‌లను రకరకాల చోట్ల పెట్టి లెక్కలు చూస్తే, నాలుగు దాటితే పెద్ద లాభం లేదని, ఎదురెదురు గోడలకు సరిగ్గా మధ్యలో ఒక్కోటి చొప్పున పెట్టిన రెండు కూడా చాలా బాగా పనిచేస్తాయని తేలింది. రెండు వరసల సీట్లున్నవాళ్లు ఒకటి ముందు గోడ మధ్యలో, ఒకటి వెనక గోడ మధ్యలో పెట్టి చూడాలి. హాలు ఒక పక్క డైనింగ్‌లోకి తెరుచుకుని ఉంటే ఈ లెక్కలు ఆరంభానికే పనికొస్తాయి. యూమిక్-1 లాంటి కొలత మైకు, గది శబ్దాన్ని కొలిచే, ఉచితంగా దొరికే ఆర్‌ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్‌తో కొలిచే తేల్చుకోవాలి.

ఇక పెద్దది ఒక్కటే కొనే సంగతి. చేతిలో 60 వేలు ఉన్నాయనుకోండి, ఒక మంచి పన్నెండంగుళాలదా, 30 వేలవి రెండు పదంగుళాలవా? పెద్దదానికి ఒక గట్టి బలం ఉంది, అది కిందికి దిగుతుంది. 35 హెర్ట్జ్ దగ్గర ఆగిపోయే సబ్‌లు రెండు పెట్టినా 35 దగ్గరే ఆగుతాయి. సినిమా పేలుళ్లలో 20 నుంచి 30 మధ్య వచ్చే అదురు కావాలి, చూసేది మీరొక్కరే అంటే పెద్దదే తీసుకోండి. కుటుంబమంతా కలిసి పాటలూ సినిమాలూ చూసే హాలుకు మాత్రం నా ఓటు రెండు చిన్నవాటికే. పక్కపక్కన పెడితే 6 డెసిబెల్స్, గదిలో విడివిడిగా పెడితే సాధారణంగా 3 నుంచి 6 మధ్య అదనంగా వస్తుంది కాబట్టి ఒక్కోదాని మీద భారం తగ్గి శబ్దం శుభ్రంగా ఉంటుంది.

సోఫాకు బిగించే బేస్ షేకర్లు అదురు ఇస్తాయి, సంగీతం ఇవ్వవు. పెద్ద టవర్ స్పీకర్లు కొని సబ్ మానేద్దామంటే, వాటిని స్టీరియోకు సరైన చోట పెట్టాలి, బేస్‌కు సరైన చోట కాదు. వినాయక నిమజ్జనంలో చూసిన డీజే బాక్సులు వీధికోసం చేసినవి, ఇంట్లోకి వద్దు.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లకు పక్కింటివాళ్ల టెన్షన్ ఉంటుంది. రెండు సబ్‌లంటే రెట్టింపు గొడవ కాదు. నడిమి సీటులో వినిపించడం లేదని పెంచడం ఆగితే మొత్తం వాల్యూమ్ తగ్గుతుంది. కింద రబ్బరు ప్యాడ్లు పెడితే బండల గుండా పోయే అదురు తగ్గుతుంది గానీ, గాలిలో పోయే బేస్‌ను అవి ఆపలేవు.

కొనే ముందు రిసీవర్ వెనక చూడండి. చాలావాటిలో రెండు సబ్ అవుట్లు (సబ్‌కు సిగ్నల్ పంపే సాకెట్లు) ఉన్నా రెండింటికీ ఒకే సిగ్నల్ వెళ్తుంది. నాలాగా రెండూ ముందు గోడకే, సోఫాకు సమాన దూరంలో ఉంటే అది చాలు. ఒకటి ముందు, ఒకటి వెనక అయితే విడివిడిగా ఆలస్యం సరిచేసే రిసీవర్ గానీ, అదే పని విడిగా చేసే మినీడీఎస్పీ లాంటి పెట్టె గానీ కావాలి. 80 హెర్ట్జ్ దగ్గర దూరంలో ఏడడుగుల తేడా వస్తే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవచ్చు. పొడవాటి కేబుల్ లాగి వేరే కరెంటు సాకెట్‌కు పెట్టినప్పుడు హమ్ (ఆగకుండా వచ్చే కరెంటు మోత) వస్తే, రెండు సబ్‌లనూ రిసీవర్‌నూ ఒకే లైన్ నుంచి పెట్టి చూడండి.

రెండోది మొదటిదాని మోడలే కావాలి. పోర్టు (పెట్టెకు గాలి పోయే రంధ్రం) ఉన్నదాన్నీ లేనిదాన్నీ కలిపితే కింది బేస్‌లో రెండింటి ఫేజు కలవదు, అంటే రెండింటి అలలూ ఒకే సమయానికి ఎగసిపడవు. మీ మోడల్ మార్కెట్లో లేకపోతే పాతదాన్ని అమ్మేసి, కొత్తవి జత తీసుకోండి.