పండుగ చీరా, పూటపూటా పలకరింపా

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి భార్యకు పొందూరు ఖద్దరు చీర కొనిపెట్టడం ఒక రకమైన ప్రేమ. ఆమె వంటింట్లో నుంచి ఏదైనా చెబితే చేతిలోని ఫోను పక్కన పెట్టి, ముఖం చూసి బదులివ్వడం మరొక రకం. చీర విలువైనదే, ఏళ్ల తరబడి మన్నుతుంది కూడా. అయినా నా మొగ్గు రెండవదాని వైపే. అమెరికా మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ కొత్త దంపతులను గమనించి, ఆరేళ్ల తరువాత మళ్లీ చూసినప్పుడు, కలిసి ఉన్నవారు ఒకరి పలకరింపులకు మరొకరు 86 శాతం సార్లు స్పందించినవారని, విడిపోయినవారు 33 శాతం సార్లే స్పందించినవారని తేలింది. ఆలస్యంగా ఇల్లు చేరిన మనిషికి అన్నం వేడిచేసి పెట్టి, తినేంతవరకు ఎదురుగా కూర్చోవడం కూడా అటువంటి స్పందనే. ఇది భార్యలకే వదిలేయవలసిన పని కాదు, భర్తలూ తప్పక చేయాలి.