20 మెగాపిక్సెల్ కాంపాక్ట్ కెమెరా: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

ఈ కెమెరా కొన్న కొత్తలో అమ్మ ఫొటో ఒకటి ఏ4 సైజులో ప్రింట్ వేయించడానికి స్టూడియోకి తీసుకెళ్లాను. వాళ్ల కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే కనురెప్పల వెంట్రుకలన్నీ కలిసిపోయి నల్లటి గీతలా ఉన్నాయి. చెంపలు మైనం పూసినట్టున్నాయి. పెట్టె మీద 20 మెగాపిక్సెల్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది, నేనూ ఆ అంకె చూసే కొన్నాను. ఆ రోజు నిజంగా బాధేసింది.

లోపం ఎక్కడుందో అర్థం కావడానికి ఏడాది పట్టింది. ఇందులోని సెన్సర్, అంటే లెన్స్ వెనక కాంతిని పట్టి ఫొటోగా మార్చే చిప్, 1/2.3 అంగుళాల రకం. వెడల్పు 6 మిల్లీమీటర్ల పైన కాస్త, ఎత్తు 4.5 మిల్లీమీటర్లు. చిటికెన వేలి గోరంత కూడా ఉండని ఆ చోటులో రెండు కోట్ల పిక్సెళ్లు, అంటే కాంతిని పట్టే చుక్కలు, ఇరికించారు. ఒక్కో పిక్సెల్ వెడల్పు మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే కొంచెమే ఎక్కువ. అంత చిన్నదాని మీద పడే వెలుతురు తక్కువ. వెలుతురు చాలకపోతే కెమెరా తనంతట తానే ఐఎస్ఓ (అందిన వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) పెంచుతుంది, దాంతో చుక్కలు చుక్కలుగా నాయిస్ వస్తుంది, దాన్ని తుడిచేయబోయి వెంట్రుకలనూ చీర నేతనూ కలిపి తుడిచేస్తుంది. అమ్మ ఫొటో చీకటి గదిలో ఆటో మోడ్‌లో తీసినది. ఐఎస్ఓ 800కి వెళ్లింది.

అందుకే నేను మొదట మార్చింది అదే. ఆటో వదిలేసి, ఐఎస్ఓను మనమే పెట్టుకోగల ప్రోగ్రామ్ మోడ్‌లో పెట్టి, ఐఎస్ఓ 100 దగ్గర కట్టేశాను. మబ్బు పట్టిన రోజైతే 200. తప్పనిసరైతే 400, అది కూడా చిన్న ప్రింట్ల కోసమే. 800 నా దృష్టిలో లేనట్టే.

అమ్మను మళ్లీ వరండాలో కూర్చోబెట్టి, ఉదయం ఎండ నేరుగా పడని చోట తీశాను. షట్టర్ బటన్ సగం నొక్కి, ఆకుపచ్చ గడి కంటి మీదికి వచ్చాక పూర్తిగా నొక్కాను. అదే కెమెరా, అదే 20 మెగాపిక్సెల్. రెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ విడిగా కనిపించాయి. ఈ సగం నొక్కడం అలవాటు లేనివాళ్లు ఒక్క దెబ్బలో నొక్కేస్తారు, అప్పుడు ఫోకస్ వెనక గోడ మీద పడిపోతుంది. పిల్లలకు నేర్పేటప్పుడు నేను ముందు ఇదే చెబుతాను.

చెయ్యి కదలడం రెండో సంగతి. లేపాక్షి వీరభద్ర స్వామి గుడిలో పైకప్పు చిత్రాలు తీయాలని వెళ్లినప్పుడు ఇది బాగా తెలిసింది. మండపంలో వెలుతురు తక్కువ, రంగులకు మంచిది కాదని ఫ్లాష్ వేయలేదు. చేత్తో తీసినవన్నీ షేక్ అయ్యాయి. చివరికి తువ్వాలు మడిచి నేల మీద పరిచి, కెమెరాను లెన్స్ పైకి ఉండేలా దాని మీద పడుకోబెట్టి, రెండు సెకన్ల టైమర్ పెట్టాను. వేలు తీసేశాక క్లిక్ అవుతుంది కాబట్టి కదలిక లేదు. ఐఎస్ఓ 100, షట్టర్ తెరిచి ఉన్నది పావు సెకను. చిత్రాల్లోని చీరల మీది గళ్లూ పువ్వులూ ఎంత స్పష్టంగా వచ్చాయంటే, ఇంటికొచ్చి చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను. ఈ కెమెరా నాకిచ్చిన వాటిలో అవే నాకు ఎక్కువ ఇష్టం.

రిజల్యూషన్ తగ్గించి 5 మెగాపిక్సెల్‌లో తీయమని కొందరు చెబుతారు. మామూలు 4×6 ప్రింట్‌కు 2 మెగాపిక్సెళ్లు చాలు, ఏ4కి 9 లోపే, అది నిజమే. అయినా నేను పూర్తి సైజులోనే తీసి, అవసరమైతే కంప్యూటర్‌లో చిన్నది చేసుకుంటాను. చిన్నది చేసినప్పుడు నాయిస్ కూడా అణిగిపోతుంది. స్క్రీన్ మీద నూరు శాతానికి పెంచి చూసి బెంగపడకండి, ప్రింట్‌లో అంత కనిపించదు.

జూమ్ విషయంలో మాత్రం రాజీ పడక తప్పలేదు. పూర్తిగా లాగితే ఎపర్చర్, అంటే లెన్స్‌లో కాంతి వచ్చే కంత, ఎఫ్/6.3కి పడిపోతుంది. అంత సన్నని కంతలోంచి వచ్చిన కాంతి ఒక్క పిక్సెల్ మీద చుక్కలా నిలవక చుట్టుపక్కలకు పరుచుకుంటుంది. చెయ్యి ఎంత నిలకడగా ఉన్నా ఆ మెత్తదనం పోదు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూడబాతులను ఎన్నిసార్లు తీసినా ఈకలు విడివిడిగా రాలేదు. జూమ్ సగంలో ఆపి, తర్వాత అంచులు కత్తిరించి క్రాప్ చేసుకుంటే కాస్త నయం. డిజిటల్ జూమ్‌ను మెనూలోకి వెళ్లి ఆఫ్ చేసేయండి, అది కొత్త వివరమేమీ తేదు.

ఇంకొకటి కొనాల్సి వస్తే మెగాపిక్సెల్ అంకె అడగను. 1 అంగుళం రకం సెన్సర్ ఉన్న కాంపాక్ట్ చూస్తాను, దాని వైశాల్యం దీనికి నాలుగు రెట్లు. అప్పటిదాకా పక్షులకు తప్ప మిగతా అన్నిటికీ ఇదే వాడతాను.