జూన్ 14న సముద్రంలోకి తీసుకెళ్తానన్నాడు: ఆ బోటు ట్రిప్పుల ఆయనతో జాగ్రత్త

రాత్రి ఎనిమిదవుతోంది. పొద్దున మూడింటికి లేచినవాణ్ణి, ఇంకా స్నానం కూడా చేయలేదు. కారు డిక్కీలో ఐసు కరిగి కార్పెట్ అంతా నీళ్ళు. అది తరవాత తుడుచుకుంటాను, ముందు ఇది రాయాలి. ఎందుకంటే తెల్లారేసరికి ఇంకెవరో ఆయనకి డబ్బు పంపేస్తారు.

పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. నెల్లూరు, ఒంగోలు వైపు గాలం పిచ్చి ఉన్నవాళ్ళలో ఆయన నంబరు లేని ఫోన్ ఉండదు. పెద్ద వంజరం చేపని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నవ్వే డీపీ. 'సముద్రంలో ఫిషింగ్ ట్రిప్, ఫ్యామిలీతో రండి' అని రోజుకి నాలుగు స్టేటస్‌లు. ఆయనే. ఆ వంజరం ఆయన పట్టింది కాదని నాకిప్పుడు గట్టి నమ్మకం. ఏ ఒడ్డునో వేలానికి పెట్టిన చేపని ఒక్క నిమిషం అడిగి తీసుకుని ఫొటో దిగుంటాడు.

సంగతి ఇదీ. బెంగళూరులో ఉండే మా బావమరిదికి సముద్రంలో గాలం వేయాలని ఎప్పటినుంచో కోరిక. శుక్రవారం లీవు పెట్టి వచ్చాడు. ఒంగోలు నుంచి మా మామయ్య వచ్చారు. ఇంటర్ చదివే మావాడు, నేను. మొత్తం నలుగురం. పొద్దున ఐదు నుంచి పదకొండు దాకా ట్రిప్పు, లైఫ్ జాకెట్లు, ఎర, టిఫిను అన్నీ కలిపి 18 వేలకి మాట్లాడుకున్నాం. అందులో 12 వేలు జూన్ 5న పంపాను. మిగతా ఆరు ఒడ్డున ఇవ్వాలి.

ఇక్కడ నా తెలివి గురించి కాస్త చెప్పాలి. పుట్టి పెరిగింది నెల్లూరు. తూర్పు తీరమంతా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజిన్ బోట్లకి వేట నిషేధమని, అది చేపలు గుడ్లు పెట్టే కాలమని, ఈ ఊళ్ళో సంచి పట్టుకుని చేపల మార్కెట్టుకి వెళ్ళేవాడెవడికైనా తెలుసు. ఆ రెండు నెలలూ వంజరం ధర అడిగితే అమ్మే ఆవిడే మనవైపు జాలిగా చూస్తుంది. నాకూ తెలుసు. తెలుసు కాబట్టే అడిగాను. మెసేజ్ ఇంకా ఉంది: 'అన్నా, 14 అంటే బ్యాన్ ఉంటుందేమో కదా?' ఆయన జవాబు: 'బ్యాన్ 14తో క్లోజ్ సార్. మనది 14. ఫస్ట్ బోటు మనదే. రెండు నెలలు ఎవరూ ముట్టని చేప, వంజరం గ్యారంటీ.'

ఆ 'ఎవరూ ముట్టని చేప' దగ్గర నేను పడిపోయాను. గాలానికి చేప ఎట్లా పడుతుందో అట్లానే. '14తో క్లోజ్' అంటే 14 కూడా నిషేధంలోనే ఉన్నట్టు. ఏప్రిల్‌లో 16, మేలో 31, జూన్‌లో 14 కలిపితేనే కదా 61 అయ్యేది! ఆ కూడిక నా బుర్రకి తట్టలేదు. బ్యాంకు పరీక్షలకి లెక్కలు చెప్పుకుని బతికేవాణ్ణి నేను. మా విద్యార్థులెవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఇక్కడితో ఆపేయండి.

మూడున్నరకి బయల్దేరాం. ఇందుకూరుపేట దాటాక చీకట్లో రొయ్యల గుంటల ఏరియేటర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన లొకేషన్ పంపింది మైపాడు బీచ్‌కి కాదు, దానికి పైన ఉన్న ఒక పాళెంకి. అప్పుడప్పుడే తెల్లవారుతుండగా చేరాం. ఒడ్డున ఇసకలో ఇరవై ముప్పై ఫైబర్ బోట్లు. ఒక్కదానికీ ఇంజిన్ లేదు. కొన్నిటికి కొత్తగా రంగు వేసి, ముక్కుకి పసుపు రాసి బొట్లు పెట్టారు. ముగ్గురు నలుగురు కూర్చుని వలలు సర్దుకుంటున్నారు. అది చూడగానే నాకు కడుపులో ఏదో తేడా కొట్టింది గానీ, బావమరిది అప్పటికే రాడ్డుకి రీలు బిగిస్తున్నాడు.

మమ్మల్నీ, మా ఐస్ బాక్సునీ చూసి ఒక పెద్దాయన లేచి వచ్చాడు. "ఎవురి కోసం నాయనా?" అన్నాడు. పేరు చెప్పి, ఫోన్లో బోటు ఫొటో చూపించాను. రెండు ఇంజిన్లు, రాడ్లు నిలబెట్టే స్టాండ్లు, నీడకి పైన టాపు. ఆయన ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇట్టాంటి బోటు మా పాళెంలోనే కాదు, ఈ చుట్టుపక్కల ఏడా లేదు" అన్నాడు. తరవాత తన బోటు చూపించాడు. మా కోసం మాట్లాడింది దాన్నేనట. దానికి ఆ ట్రిప్పుల ఆయన నాలుగు వేలు ఇస్తానన్నాడట, ఇంతవరకు రూపాయి ఇవ్వలేదట. తేదీ కూడా చెప్పలేదట, 'బ్యాన్ పోయినాక మనుషుల్ని తెస్తా' అన్నాడంతే.

"ఇయ్యాల పద్నాలుగు గదా అబ్బయా. రాత్రి పన్నెండు దాటితే గానీ ఇంజిన్ నీళ్ళలో పెట్టేది లేదు. పట్టుకున్నారంటే బోటు తీసుకుపోతారు, ఫైనేస్తారు, డీజిలు రాయితీ ఆపేస్తారు. ఈ రెండు నెల్లకీ గవర్నమెంటు ఇరవై వేలిచ్చి ఇంట్లో కూసోమనింది ఎందుకు? రేపు తెల్లార్తే ఏటకి పోతా ఉండాం, ఇయ్యాల పొయ్యి దొరికిపోవాల్నా?" అన్నాడు. కోపంగా కాదు, పిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

మామయ్య బోటు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "లైఫ్ జాకెట్లు ఎక్కడ పెడతావయ్యా?" అని అడిగారు.

"రెండుండాయి సామీ ఇంట్లో. ఇది ఏట బోటు, మనుషుల్ని తిప్పే బోటు కాదు. నా కాయితాల్లో అట్నే ఉంటాది."

కాగితం అనగానే గుర్తొచ్చింది. 'గవర్నమెంట్ లైసెన్స్ ఉంది సార్' అని ట్రిప్పుల ఆయన నాకొక కాగితం పంపాడు. అక్కడే ఇసకలో నిలబడి తెరిచాను. ఐఎన్‌డీ, ఏపీ అని మొదలయ్యే నంబరు, పొడవు, ఇంజిన్ వివరాలు. చేపల వేట కోసం రిజిస్టర్ చేసిన బోటని స్పష్టంగా ఉంది. ప్రయాణికులన్న మాటే లేదు. తొమ్మిది రోజులుగా నా ఫోన్లోనే ఉంది ఆ కాగితం. ముద్ర చూసి తృప్తిపడ్డాను తప్ప చదవలేదు.

మామయ్య ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది. ఆయన ఒంగోలు మనిషి. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద అనుమతి లేని ప్రైవేటు బోటు తిరగబడి ఇరవైమందికి పైగా చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది ఒంగోలు నుంచి వెళ్ళినవాళ్ళే. ఆ ఊళ్ళో ఆయన వయసు వాళ్ళ ముందు బోటు షికారు అన్న మాట ఎత్తరు. అది నది. ఇది సముద్రం, జాకెట్లు రెండు, మేం నలుగురం. ఇవాళ నిషేధం లేకపోయుంటే ఫొటోలు దిగుతూ ఎక్కేసేవాళ్ళం కదా అన్న ఆలోచన వస్తే ఇప్పటికీ చెమట పడుతోంది.

ఇక ఫోన్ సంగతి. అసలు ఇదంతా రాస్తున్నది దాని కోసమే.

ట్రిప్పుల ఆయనకి ఆరుసార్లు చేస్తే ఎత్తలేదు. ఏడోసారి ఎత్తాడు. నిద్రగొంతు. బోటు పెద్దాయన కూడా మాట్లాడతానంటే స్పీకర్ పెట్టాను.

"ఏం సార్, ఇంత పొద్దున్నే?"

"ఐదింటికి రమ్మంది మీరే కదన్నా. ఒడ్డున ఉన్నాం."

"ఓ. ఇయ్యాలేనా?"

ఇయ్యాలేనా! బెంగళూరు నుంచి ఒకరు, ఒంగోలు నుంచి ఒకరు, రెండు దిమ్మల ఐసు, అడ్వాన్సు 12 వేలు. ఆయనకి మాత్రం 'ఇయ్యాలేనా'.

"ఇవాళ బ్యాన్ ఉందంటున్నారు ఇక్కడ" అన్నాను.

"అవును సార్, 14 దాకా ఉంటది కదా" అన్నాడు. నాకేదో తెలియని విషయం నేర్పిస్తున్నట్టు!

"మరి 14 ఫిక్స్ చేసింది మీరే కదా?"

"14 అన్నాను సార్, పొద్దున అన్నానా? రాత్రి పన్నెండు దాటినాక పోండి, ఎవరొద్దన్నారు?"

"మెసేజ్‌లో ఉదయం ఐదు అని రాశారు."

"అది రిపోర్టింగ్ టైమ్ సార్."

పందొమ్మిది గంటల ముందు రిపోర్టింగ్ అట. రాకెట్లకి కౌంట్‌డౌన్ పక్కనున్న శ్రీహరికోటలోనే పెడతారనుకున్నాను, ఈయనా పెడతాడని తెలియదు.

డబ్బు తిరిగి పంపమన్నాను. "అడ్వాన్స్ నాన్ రిఫండబుల్, పోస్టర్ కింద ఉంటది చూసుకోండి" అన్నాడు. తరవాత చూశాను, నిజంగానే ఉంది. అలల బొమ్మ మీద, నురగలో, తెల్ల అక్షరాలతో. ఆ డిజైన్ చేసినవాడికి దండం పెట్టాలి.

అప్పుడు మామయ్య చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నారు. హెడ్మాస్టరుగా రిటైరయిన మనిషి, ఎవర్నీ ఏకవచనంతో పిలవడం నేను వినలేదు. "బాబూ, మీరు తేదీ విషయంలో పొరపాటు పడ్డారేమో. బోటు ఆయనకి కూడా ఇంకా డబ్బు ముట్టలేదంటున్నారు. మా డబ్బు మాకు పంపించేయండి, ఎవరికీ ఇబ్బంది ఉండదు" అన్నారు.

అవతల్నుంచి నవ్వు. చిన్న నవ్వు కాదు, గట్టిగానే.

"ఏం పెద్దాయనా, పన్నెండు వేలకి ఇంత ఇదైపోయేవాళ్ళు సముద్రం మీదకి ఎందుకొచ్చినట్టు? పోయి పెన్నలో గాలం వేసుకోండి, ఫ్రీ."

పెట్టేశాడు.

మావాడు విన్నాడు. బావమరిది విన్నాడు. వలల దగ్గర కూర్చున్నవాళ్ళూ విని తల దించుకున్నారు. మామయ్య భుజమ్మీది తువ్వాలుతో నా ఫోన్ తుడిచి నా చేతికిచ్చారు. ఎందుకు తుడిచారో నేను అడగలేదు. పన్నెండు వేలంటే నాకు నాలుగు బ్యాచ్‌ల ఆదివారం క్లాసులు, చెప్పి సంపాదించుకుంటాను. ఆ నవ్వుని ఏం చేసుకోవాలో తెలియడం లేదు. మళ్ళీ చేస్తే అప్పటికే నన్ను బ్లాక్ చేశాడు.

బోటు పెద్దాయన ఇంటికి తీసుకెళ్ళి టీ ఇప్పించాడు. "రేపొద్దున రాండి, ఒడ్డునే మంచి చేప ఇస్తా" అన్నాడు. మరి ఇంకో రోజు బోటెక్కించుకుంటావా అని మావాడు ఆశగా అడిగితే, "ఎక్కించను నాయనా" అన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో నాతో నిజం చెప్పింది ఆయనొక్కడే, డబ్బు తీసుకోనిదీ ఆయనొక్కడే.

తొమ్మిదింటికల్లా ఇంట్లో ఉన్నాం. ఎర కోసమని బావమరిది ముందు రోజు కొన్న కిలో రొయ్యలు మా ఆవిడ వేపుడు చేసింది. "బావా, ఎర బాగుంది" అన్నాడు వాడు తింటూ. ఎవరూ నవ్వలేదు.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. లావాదేవీ నంబరు, స్క్రీన్‌షాట్లు అడిగారు, ఇచ్చాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్పాను. డబ్బు పంపిన వెంటనే చేసి ఉంటే వేరు, తొమ్మిది రోజుల తరవాత చేస్తే ఏమవుతుందో చూడాలి. డబ్బు వస్తే ఇక్కడే రాస్తాను. దాని కోసం ఎదురుచూడకండి.

ఇప్పుడు ఇంత హడావుడిగా రాయడానికి కారణం: గంట క్రితం మా ఆవిడ ఫోన్లో ఆయన స్టేటస్ చూశాను. 'బ్యాన్ అయిపోయింది! రేపటి నుంచి ట్రిప్పులు స్టార్ట్. ముందు బుక్ చేసుకున్న పదిమందికి డిస్కౌంట్.' అదే వంజరం, అవే కళ్ళద్దాలు, ఆ రెండు ఇంజిన్ల బోటు కూడా అదే. కింద నురగలో ఆ తెల్ల అక్షరాలు ఉన్నాయో లేదో జూమ్ చేసి చూశాను. ఉన్నాయి.

సలహాలు ఇచ్చే మొహం కాదు నాది, అయినా రెండు ముక్కలు. ముందు రోజు మీరే ఒడ్డుకి వెళ్ళి బోటు చూసి, దాని యజమానితో నేరుగా మాట్లాడండి. కాగితం పంపితే చదవండి, వేట అని ఉందా మనుషుల్ని ఎక్కించుకోవచ్చని ఉందా చూడండి. వేట అని ఉంటే వెనక్కి తిరిగి వచ్చేయండి, వంజరం గ్యారంటీ ఇచ్చినా సరే. తలకొక జాకెట్ కళ్ళతో చూడకుండా ఎక్కొద్దు. వాతావరణ శాఖ మత్స్యకారులకిచ్చే హెచ్చరిక చూసుకోండి, కోస్ట్ గార్డ్ నంబరు 1554 ఫోన్లో వేసుకోండి. అడ్వాన్సు మాత్రం ఎంత తియ్యగా అడిగినా పంపొద్దు.

రేపటికో, వచ్చే ఆదివారానికో ఆయనకి ఇప్పటికే డబ్బు కట్టినవాళ్ళుంటే ఈ రాత్రికే ఫోన్ చేసి అడగండి. కొత్త బుకింగుల కోసం ఇప్పుడు మొదటి రింగుకే ఎత్తుతున్నాడు. మా ఆవిడ నంబరు నుంచి చేసి చూశాను.