ఐదేళ్లు వాడాక మా ఇంక్ ట్యాంక్ ప్రింటర్ లెక్క

మా ఇల్లు హనుమకొండ నయీంనగర్‌లో. 2020 చివర్లో పిల్లల క్లాసులు ఫోన్లోకి వచ్చినప్పుడు రోజూ వర్క్‌షీట్లు తీయాల్సి వచ్చి ఈ ప్రింటర్ కొన్నాం. అంతకుముందు 3,200కు తెచ్చిన కార్ట్రిడ్జ్ ప్రింటర్ ఉండేది. నల్ల కార్ట్రిడ్జ్ 700, అది 150 పేజీలు కూడా దాటేది కాదు. సిరంజితో రీఫిల్ చేయిస్తే కారి బల్లంతా నల్లగా అయింది. చౌక ప్రింటర్ మీద నాకు మోజు పోయింది అక్కడే.

సీసాలతో సిరా పోసి నింపుకునే ఈ ఇంక్ ట్యాంక్‌ది 11,800 పడింది. ఎప్సన్, కానన్, హెచ్‌పీ, బ్రదర్ అన్నీ ఈ రకం అమ్ముతున్నాయి. నాది ఏ కంపెనీదో రాయను, ఎందుకంటే నేను చెప్పే మంచిచెడ్డలు చాలావరకు ఈ రకానికి చెందినవే.

ప్రింటర్ కౌంటరు ఇప్పుడు 6,100 పేజీల దగ్గర ఉంది. పెట్టెలో వచ్చిన సిరా కాక, నలుపు రెండు సీసాలు, మూడు రంగులు ఒక్కొక్కటి కొన్నాను. ఒక్కోటి సుమారు 350. అంటే సిరాకు పేజీకి 30 పైసలు కూడా కాలేదు. కానీ ప్రింటర్ ధర, ఒకసారి చేయించిన రిపేరు, కాగితం అన్నీ కలిపితే పేజీ మూడు రూపాయలకు దగ్గరగా వచ్చింది. మా గల్లీ చివర జిరాక్స్ సెంటర్‌లో ఫోన్లోంచి తీస్తే నలుపుకు 5, కలర్‌కు 10. లాభమే, కానీ దుకాణంలో ఊరించినంత కాదు. నెలకు ఇరవై ముప్పై పేజీలు తీసేవాళ్లకు ఆ జిరాక్స్ సెంటరే మేలు. హాల్‌టికెట్ రాత్రి పదకొండుకు గుర్తొచ్చే ఇంట్లో మాత్రం లెక్క వేరు.

ఇక రిపేరు సంగతి. రెండో ఎండాకాలం నెల రోజులు ములుగులో అత్తగారింట్లో ఉన్నాం. బయలుదేరే హడావిడిలో ప్రింట్ అవుతుండగానే బోర్డు దగ్గర స్విచ్ ఆపేశారు పిల్లలు. ప్రింటర్ బటన్ నొక్కి ఆపితేనే కాగితం మీద సిరా చిమ్మే హెడ్ తన మూత కిందికి వెళ్తుంది. లేకపోతే మధ్యలోనే నిలిచిపోయి, గాలి తగిలి సిరా గట్టిపడుతుంది. వరంగల్ మే ఎండ గురించి చెప్పేదేముంది! తిరిగొచ్చి తీస్తే అక్షరాల్లో తెల్ల గీతలు. హెడ్ రంధ్రాలు పనిచేస్తున్నాయో లేదో చూపే నాజిల్ చెక్ పేజీలో నీలం సగం మాయం. టెన్షన్‌తో హెడ్ క్లీనింగ్ నాలుగుసార్లు నొక్కాను. అది నా తప్పే. ప్రతిసారీ ట్యాంకులోని సిరాను పీల్చి లోపలి స్పాంజిలోకి పారబోస్తుంది. కంటికి కనబడేలా మట్టం దిగింది. చివరికి మెకానిక్‌కు 1,200 ఇచ్చాను.

అప్పటినుంచి ఆదివారం మా చిన్నది ఒక రంగుల బొమ్మ తీస్తుంది. ఖర్చు అర్ధరూపాయో ఏమో, మళ్లీ హెడ్ మొరాయించలేదు.

వానాకాలంలో ఇంకో తిప్పలు. కాగితం తేమ పీల్చి రెండేసి షీట్లు లాగుతుంది. విప్పిన రీమును ప్లాస్టిక్ కవరులో చుట్టి బీరువాలో పెడుతున్నాను. రంగు ప్రింట్ మీద నీటి చుక్క పడితే పాకుతుంది. కాజీపేట స్టేషన్‌లో వానకు తడిసి మా పెద్దోడి ప్రాజెక్టు పేజీలు హోలీ ఆడాయి.

స్కానర్ మాత్రం నేననుకున్నదానికన్నా ఎక్కువ పనికొచ్చింది. ఆధార్, పట్టాదారు పాస్‌బుక్, కుల ధ్రువపత్రం, ఏది అడిగినా కాపీ ఇంట్లోనే.

కరీంనగర్‌లో మా బామ్మర్దికి మాత్రం ఇది వద్దన్నాను. వాళ్లకు రంగులతో పనిలేదు, వారాల తరబడి మెషీన్ ముట్టరు. నలుపు లేజర్ తీసుకున్నాడు. టోనర్ పొడి కాబట్టి ఎండిపోయే బాధ లేదు. ఒక్కటే, పేజీ మొదలయ్యేటప్పుడు వేడెక్కడానికి కరెంటు బాగా లాగుతుంది. కరెంటు పోయినప్పుడు ప్రింట్ నొక్కితే వాళ్ల ఇన్వర్టర్ కుయ్యోమంటుంది.