సూపర్‌చార్జర్ ఎంజీబీకి బ్రేక్ సర్వో కిట్: కొనొచ్చా?

సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే పంపు) బిగించిన ఎంజీబీకి, అంటే ఆ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకి, ఈ కిట్ కొనొచ్చు. కాకపోతే దాంతో వచ్చే నాన్ రిటర్న్ వాల్వ్‌ని (గాలిని ఒకవైపే పోనిచ్చే వాల్వ్‌ని) గుడ్డిగా నమ్మొద్దు.

ఇది 1.9:1 నిష్పత్తి రిమోట్ సర్వో, అంటే ఇంజన్ మానిఫోల్డ్ (గాలి లోపలికెళ్లే గొట్టాల భాగం) వాక్యూమ్‌తో బ్రేక్ ఒత్తిడిని పెంచే, పెడల్‌కి దూరంగా బిగించే పరికరం. కాలికి శ్రమ తగ్గిస్తుందంతే, టైర్ల పట్టు పెంచదు. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని తోసేది) సింగిల్ సర్క్యూట్‌ది, అంటే అన్ని చక్రాలకీ ఒకే ఆయిల్ లైను ఉన్నదైతే ఒక సర్వో చాలు, రెండు లైన్ల డ్యూయల్‌కి చాలదు.

అసలు తంటా వాక్యూమ్ దగ్గరే. యాక్సిలరేటర్ తొక్కగానే సూపర్‌చార్జర్ వల్ల మానిఫోల్డ్‌లో ప్రెషర్ పుడుతుంది. వాల్వ్ కాస్త లీకైనా అది పెట్రోల్ ఆవిరితో సహా సర్వోలోని డయాఫ్రమ్ (రబ్బరు పొర) మీదకెళ్తుంది. వెంటనే బ్రేక్ కొడితే పెడల్ రాయిలా ఉంటుంది. బిగించే ముందు వాల్వ్‌ని నోటితో ఊది చూడండి, గాలి ఒకవైపే పోవాలి. చిన్న వాక్యూమ్ ట్యాంకు కూడా పెడితే మంచిది. వాక్యూమ్ గొట్టంగా పెట్రోల్ పైపు వాడితే లోపలికి నొక్కుకుపోతుంది. బెంగళూరు జేసీ రోడ్డు స్పేర్ పార్ట్స్ షాపుల్లో బ్రేక్ బూస్టర్ హోస్ అనే అడగండి.

సర్వోని అడ్డంగా బిగించే మెకానిక్‌లు ఉన్నారు. ఆయిల్ బయటికెళ్లే కొన పైకి ఉండాలి, లేదంటే గాలి చిక్కుకుని ఎంత బ్లీడ్ చేసినా (లైనులో గాలి తీసినా) పెడల్ స్పాంజిలాగే ఉంటుంది.

పరీక్ష: ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కి, నొక్కిపట్టి స్టార్ట్ చేయండి. సర్వో పనిచేస్తుంటే పెడల్ కాస్త కిందికి దిగాలి.

బెంగళూరు 900 మీటర్ల ఎత్తు. చెన్నైలో వాక్యూమ్ గేజ్ 20 అంగుళాలు (పాదరసం) చూపే ఇంజన్ ఇక్కడ 17 దగ్గర ఆగుతుంది, అది లోపం కాదు. బయట ఎక్కడా చుక్క కారకుండానే బ్రేక్ ఆయిల్ తగ్గుతూ, సైలెన్సర్‌లో తెల్ల పొగ వస్తుంటే మాత్రం సర్వో లోపలి సీలు పోయినట్టే.