మూడు ఊళ్ళు, నాలుగు బేస్‌బాల్ మ్యాచ్‌లు

నిరుడు వేసవి పిట్స్‌బర్గ్‌లో మా అమ్మాయి ఇంట గడిపినప్పుడు, క్రికెట్ తప్ప మరో ఆట ఎరుగని నేనూ మా ఆవిడా కలిసి మూడు ఊళ్ళలో నాలుగు బేస్‌బాల్ మ్యాచ్‌లు చూశాము. వాటిలో మొదటిది దాదాపు వృథా అయింది, ఆ తప్పు పూర్తిగా నాది. మైదానానికి ఎంత దగ్గరగా కూర్చుంటే ఆట అంత బాగా తెలుస్తుందనుకుని, "మామయ్యగారూ, పైన కూర్చుంటేనే మీకు అర్థమవుతుంది" అని అల్లుడు చెబుతున్నా వినకుండా, ఆ ఊరి పైరేట్స్ జట్టు మైదానమైన పీఎన్‌సీ పార్కులో ఎడమవైపు గోడ దగ్గర ఖరీదైన సీట్లు కొనిపించాను. పిచ్చర్ (బంతి విసిరేవాడు) చెయ్యి ఊపడం కనబడింది గాని, బంతి బ్యాటర్ దగ్గరికి ఏ ఎత్తులో, ఏ మలుపుతో చేరిందో మాత్రం కనబడలేదు. బేస్‌బాల్‌లో సగం ఆట అక్కడే ఉందని అప్పటికి నాకు తెలియదు.

ఆ సంగతి తెలిసింది ఆల్టూనాలో. పిట్స్‌బర్గ్ నుంచి కారులో సుమారు రెండు గంటల దూరంలో ఉన్న ఈ చిన్న రైల్వే పట్టణంలో 'కర్వ్' అనే జట్టు ఆడుతుంది. ఇది పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కు అనుబంధమైన డబుల్-ఏ జట్టు, అంటే పెద్ద లీగుకు రెండు మెట్లు కింద. దగ్గరలోని గుర్రపు నాడా ఆకారపు రైలు మలుపు వల్ల దానికి ఆ పేరు వచ్చింది. కుడివైపు గోడ వెనక ఒక చెక్క రోలర్ కోస్టర్ నిలబడి ఉంటుంది. బ్యాటర్ నిలబడే చోటైన హోమ్ ప్లేట్‌కు సరిగ్గా వెనక సీట్లు దొరికినా, టికెట్టు మొదటి మ్యాచ్‌కు పెట్టిన దానిలో మూడో వంతు కూడా కాలేదు.

మా పక్కన ఒక పెద్దాయన పెన్సిలుతో స్కోరుకార్డు నింపుతున్నారు. నేను తొంగి చూడటం గమనించి, ఆయనే కార్డు నా ముందుకు జరిపారు. ఫీల్డర్లకు అంకెలుంటాయి: పిచ్చర్ 1, ప్లేట్ వెనక బంతి పట్టే క్యాచర్ 2, ఆ తరువాత మిగతా స్థానాలు, చివరికి కుడి మైదానంలోని ఆటగాడు 9. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్; బేస్ అంటే పరుగెత్తేవాడు చేరవలసిన మూల) బంతిని అందుకుని రెండో బేస్‌లోని వాడికి, అతడు మొదటి బేస్‌కు విసిరి ఇద్దరిని ఔట్ చేస్తే '6-4-3' అని రాస్తారు. మూడు స్ట్రయిక్‌లతో ఔటైతే ఒక 'కె'. ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు. ఆ వెడల్పులో, మోకాలి నుంచి ఛాతీ మధ్య వరకు ఉన్న ఊహాచతురస్రం గుండా బంతి వెళితే, బ్యాట్ కదిలినా కదలకపోయినా స్ట్రయిక్. బయటి నుంచి పోయిన బంతులకు బ్యాటర్ నాలుగు సార్లు ఆశపడకుండా ఊరుకుంటే, మొదటి బేస్‌కు హాయిగా నడిచి పోతాడు. ఇది తెలిశాక, ఏమీ జరగడం లేదనిపించిన నిమిషాలే ఉత్కంఠగా మారాయి. పది సార్లలో మూడు సార్లు బంతిని క్షేమంగా కొట్టగలిగినవాడు ఇక్కడ గొప్ప బ్యాటర్ అన్న మాట మాత్రం క్రికెట్ బుద్ధికి ఎక్కడానికి ఇంకా సమయం పట్టింది.

మూడో మ్యాచ్ చూసిన బోస్టన్‌లోని ఫెన్‌వే పార్కు 1912లో తెరిచినది, ఇప్పటికీ వాడుకలో ఉన్న పెద్ద లీగు మైదానాల్లో అత్యంత పాతది. ఎడమవైపు 37 అడుగుల పచ్చ గోడ ఉంటుంది, మరో చోట హోమ్ రన్ (క్రికెట్ సిక్సర్ లాంటిది) అయ్యే దెబ్బ దానికి తగిలి వెనక్కి పడుతుంది. దాని మీది స్కోరు పలకలను నేటికీ మనుషులే చేత్తో మారుస్తారు. కుడివైపు పచ్చని సీట్ల మధ్య ఒకే ఒక ఎర్ర సీటు కనబడుతుంది. 1946లో బోస్టన్ జట్టు బ్యాటర్ టెడ్ విలియమ్స్ కొట్టిన బంతి 502 అడుగులు ప్రయాణించి అక్కడ పడింది. చూడవలసిన చోటే గాని, మొదటి మ్యాచ్ చూడవలసిన చోటు కాదని నా అభిప్రాయం. గ్రాండ్‌స్టాండ్‌లోని చెక్క సీట్లు ఇరుకు, పైకప్పును మోసే స్తంభాలు కొన్ని సీట్ల వారికి అడ్డు వస్తాయి. టికెట్టు కొనే ముందు 'దృశ్యానికి ఆటంకం' అన్న సూచన ఉందేమో చూసుకోవాలి. గ్రీన్ లైన్ రైల్లో బి, సి, డి శాఖలు మాత్రమే మైదానం దగ్గరి కెన్‌మోర్ స్టేషన్‌కు వెళతాయి. మేము ఇ శాఖ ఎక్కి, తొమ్మిది ఇన్నింగ్స్‌లలో మొదటిది పోగొట్టుకున్నాము.

బస విషయంలో బోస్టన్ మమ్మల్ని నొప్పించింది. నడిచి వెళ్ళగలమని మైదానం దగ్గరే దిగిన హోటల్ వారు, బుక్ చేసినప్పుడు కనబడని అదనపు రుసుమును బిల్లులో చేర్చారు, అడిగితే సరైన జవాబు రాలేదు. మళ్ళీ వెళితే రైలు మార్గం మీద కాస్త దూరంగా దిగుతాను. పిట్స్‌బర్గ్‌లో బంధువులు లేని తెలుగువారికి, పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి గుడి దగ్గర కనుక మన్రోవిల్ అనువుగా ఉంటుంది. అయితే అక్కడ కారు తప్పదు. మ్యాచ్ రాత్రికి డౌన్‌టౌన్‌లో దిగడం మేలు. అక్కడి నుంచి నది దాటి మైదానం ఉన్న నార్త్ సైడ్ వరకు రైలుకు టికెట్టే అక్కరలేదు.

మేము మాత్రం నాలుగో మ్యాచ్‌కు నడిచే వెళ్ళాము. మ్యాచ్ రోజున రాబర్టో క్లెమెంటే వంతెన మీద వాహనాలు ఆపి, పాదచారులకు వదిలేస్తారు. నికరాగువా భూకంప బాధితులకు సహాయ సామగ్రి తీసుకువెళుతూ 1972 డిసెంబరు 31న విమాన ప్రమాదంలో మరణించిన పైరేట్స్ ఆటగాడు క్లెమెంటే చొక్కా సంఖ్య 21. పీఎన్‌సీ పార్కు కుడివైపు గోడ ఎత్తు కూడా 21 అడుగులే. ఈసారి అల్లుడి మాట విని, హోమ్ ప్లేట్ వెనక పై అంతస్తులో చవక సీట్లు తీసుకున్నాము. ఆటా, అలెగెనీ నదీ, దాని వెనక నగర భవనాలూ ఒకే చూపులో పడ్డాయి. గుడి క్యాంటీన్ పులిహోరను గేటు దగ్గర అనుమతించారు, కాని సంచుల కొలతల నియమం పార్కు పార్కుకూ మారుతుంది కనుక ముందే చూసుకోవాలి. శాకాహారి అయిన మా ఆవిడకు, కజ్జికాయ ఆకారంలో బంగాళాదుంప కూరి చేసే పియరోగీ నచ్చింది. ఇన్నింగ్స్ మధ్యలో ఆ వేషాలు కట్టినవారు పరుగు పందెం పెట్టుకోవడం చూసి ఆట కన్నా ఎక్కువ నవ్వింది. 2008లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్ (క్రికెటర్ రింకూ కాదు), దినేష్ పటేల్ పిచ్చర్లుగా ఒప్పందం చేసుకున్నది కూడా ఈ పైరేట్స్ జట్టుతోనే అని తెలిసి, మా జట్టు ఏదో అక్కడే తేలిపోయింది.

ఒక్కో జట్టు ఏడాదికి 162 మ్యాచ్‌లు ఆడుతుంది, అన్నీ చూడటం ఎవరి తరమూ కాదు. పిట్స్‌బర్గ్‌లో సాయంత్రం 6:40కి మొదలయ్యే మ్యాచ్ విజయవాడలో మాకు తెల్లవారుజామున 4:10 అవుతుంది, కనుక కాఫీ వేళకు చివరి ఇన్నింగ్స్‌లు దొరుకుతాయి. ఆదివారం మధ్యాహ్నపు మ్యాచ్ ఇక్కడ రాత్రి 11 దాటాక మొదలవుతుంది. దానికి మూడు ఇన్నింగ్స్ వరకు నోటు పుస్తకంలో అంకెలు రాసుకుని పడుకుంటాను.